గజ్జె కాలు బెణికిన నెల

మార్చి 3, మంగళవారం

కాలు బెణికింది. ఎడమది. పెద్దగా ఏమీ లేదు. చింతగింజ మీద అడుగు పడింది, అంతే.

అదే రోజు, మధ్యాహ్నం

పెద్దగా ఏమీ లేదని పొద్దున రాశాను కదా, ఆ మాట మీదే ఉన్నాను. వాపు మాత్రం కొంచెం ఉంది. కొంచెం అంటే, గిలక కనబడటం లేదు. అరవై ఎనిమిదేళ్ళుగా చెప్పు పట్టీకి ఒరుసుకుంటూ నా కంట పడుతూ వచ్చిన ఎముక అది. ఇప్పుడు దాని స్థానంలో బన్ను ఉంది. బేకరీ రకం, పైన మెరుస్తూ.

ఈ డైరీ ఎరువుల అంగడివాళ్ళు ఇచ్చింది. రెండు నెలలుగా సొరుగులో పడి ఉంది. ప్రతి పేజీ అడుగునా రైతులకు ఒక సలహా అచ్చు వేశారు. ఈ రోజు సలహా: ‘వేసవి దుక్కులు లోతుగా దున్నండి.’ సరే.

నవమికి ఇరవై నాలుగు రోజులుంది. కంబదూరులో చెక్కభజన పోటీలు. పదహారు మంది గుండ్రంగా ఎగురుతూ చెక్కలు మోగిస్తారు. మధ్యలో కాళ్ళకు గజ్జెలు కట్టుకుని గురువు అడుగు మారుస్తాడు. ఆ గురువును నేను. ముప్పై అయిదేళ్ళుగా నేనే. మా జట్టులో ఒక కట్టుబాటు ఉంది. ఊరి పేరు మీద ఆడే ఆటకు గురువు నిలబడలేకపోతే, ఆ రోజు మధ్యలో నిలిచి అడుగు చెప్పినవాళ్ళకే గజ్జెలు. తిరిగి రావు. రోగమా, రొష్టా అని అడగరు. నాకూ అలాగే వచ్చాయి. అప్పటి గురువు తిప్పన్నకు కాలు బెణికి ఆట తప్పితే నేను నిలబడ్డాను. అప్పట్లో ఈ కట్టుబాటు నాకు చాలా న్యాయంగా తోచింది.

మార్చి 4

ఇంట్లో వైద్యం మొదలైంది. మా ఆవిడ వెంకటలక్ష్మమ్మ ఇటుక కాల్చి గోనెపట్టలో చుట్టి కాలికి ఆనించింది. మా ఊళ్ళో ఎవరికి ఏది బెణికినా ఇటుక కాలుస్తారు. ఇళ్ళకు వాడినవాటికంటే కాళ్ళకు వాడిన ఇటుకలే ఎక్కువేమో.

సాయంత్రం ఓబులేష్ వచ్చాడు. గొర్రెలకు కట్లు కడతాడు. చెయ్యి మంచిది. అతను కట్టు కట్టిన గొర్రెల్లో ఒక్కటి కూడా ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు.

“అన్నా, ఊపిరి బిగబట్టు.”

“ఎందుకప్పా?”

“గొర్రెలకైతే నేనే మూతి పట్టుకుంటా. నీకు మీసాలుండాయి, బాగుండదు.”

ఆముదం పోసి పావుగంట రుద్దాడు. నేను అరవలేదు. వీధి చివర కుక్కలన్నీ ఒక్కసారిగా ఎందుకు అరిచాయో నాకు తెలియదు. ఆ తర్వాత గుడ్డు సొన, మినప్పిండి కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు.

“ఇంగ ఎప్పుడు ఎగరొచ్చు?” అన్నాను.

“గొర్రె అయితే వారం. నిన్ను కోసుకుని తినేది లేదు గదా, పది దినాలు పెట్టుకో.”

పది దినాలు. లెక్క సరిపోయింది. హాయిగా ఉంది.

మార్చి 5

బన్ను గుమ్మడికాయ అయింది. రంగు వంకాయది. 

మార్చి 6, శుక్రవారం

ఇంద్రాణి వచ్చింది, చూసింది, కత్తెర తెచ్చి ఓబులేష్ కట్టు కోసేసింది. ఇంద్రాణి మా తమ్ముడి కూతురు. పాలకేంద్రంలో వెన్న శాతం చూసే పని. ఇరవై ఆరేళ్ళది. మా జట్టులో మొదటి ఆడపిల్ల. నాలుగేళ్ళ కిందట నేనే చేర్చుకున్నాను. వద్దు వద్దన్న మగవాళ్ళలో ఒక్కడికీ తాళం నిలవదు, అందుకని.

“పెద్దనాయనా, స్కూటీ ఎక్కు.”

“యాడికి?”

“కళ్యాణదుర్గానికి. మనుషుల డాక్టరు దగ్గరికి.”

కృపాకుమారి అని, కాళ్ళకూ కీళ్ళకూ కసరత్తులతో వైద్యం చేసే మనిషి. కింద చెప్పుల అంగడి, మీద ఆమె గది. పద్దెనిమిది మెట్లు. కాళ్ళు చెడినవాళ్ళకు మేడ మీద వైద్యం పెట్టాలని తోచిన బుర్రను ఒకసారి దగ్గరగా చూడాలని నాకు ఉత్సాహం పుట్టింది. మెట్ల మీద కూర్చుని, పసిపిల్లాడిలా వెనక్కి వెనక్కి జరుగుతూ ఎక్కాను. పైన ఆమె చేతులు కట్టుకుని చూస్తోంది.

“బాగా ఎక్కినావు పెద్దాయనా. సగం పరీక్ష ఈడనే అయిపాయ.”

ఎముక మీద అక్కడా ఇక్కడా నొక్కింది. ఫొటో తీయించింది. విరగలేదట. ఎముకనూ ఎముకనూ కట్టి ఉంచే తాడు ఒకటి ఉంటుందట, అది సగం తెగిందట.

“ఇటుక ఎవరు పెట్టింది?”

“మా ఇంట్లో.”

“రుద్దింది?”

“ఓబులేష్.”

“ఆయప్ప ఏం డాక్టరు?”

ఇంద్రాణి నోరు ఊరుకోదు కదా. “గొర్రెల స్పెషలిస్టు మేడం.”

కృపాకుమారి నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి పడ్డ శ్రమ మాత్రం కనబడింది. “బెణికిన కొత్తలో లోపల రక్తం కారతాంటాది పెద్దాయనా. దానికి వేడి పెడితే ఇంకా కారుతాది. రుద్దితే తెగిన పోగులు ఇంకా తెగుతాయి. చల్లగా పెట్టల్ల. మెత్తగా కట్టు కట్టల్ల. కాలు గుండెకంటే ఎత్తున పెట్టల్ల. వాపు తగ్గినాక కొంచెం కొంచెం కదిలించల్ల.”

“నవమికి ఎగరొచ్చా?”

“ఎగరొచ్చు.”

నేను సంతోషంగా లేవబోయాను.

“వచ్చే సంవత్సరం నవమికి,” అంది.

ఆరు వారాలట. చిన్నప్పుడు వాళ్ళ నాయన భుజాల మీద కూర్చుని నా ఆట చూసిందట. “అందుకే చెప్తాండా. ఈ కాలు నాకూ కావల్ల,” అంది. ఎలా బెణికిందని అడిగింది. చింతగింజ అని చెప్పాను. రాసుకుంది.

మార్చి 7

చల్లగా పెట్టాలి. సరే. మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది కానీ అది అలమర. చెడిపోయి మూడేళ్ళయింది, అందులో కందిపప్పు ఉంటుంది. పదకొండు గంటలకు పుల్ల ఐసు సైకిలు వచ్చింది. ఎనిమిది కొన్నాను. నాలుగు ఎర్రవి, నాలుగు పచ్చవి. కాలి చుట్టూ నిలువుగా పేర్చి తువ్వాలు చుట్టాను. పావుగంట స్వర్గం. ఆ తర్వాత నిద్ర.

లేచేసరికి చీమలు.

మామూలు చీమలు కావు. అనంతపురం జిల్లా చీమలు. వానలు లేక, పంటలు లేక, తీపి అన్నది పుకారుగా మాత్రమే విన్న చీమలు. గోడ పొడుగునా, గుమ్మం దాటి, వీధిలోకి వరుస. నేను అరిచిన అరుపుకు వెంకటలక్ష్మమ్మ చెంబుతో వచ్చింది. కాలు చూసింది. ఎరుపు, పచ్చ, నీలం, నలుపు.

“ఏమప్పా ఇది, కాలా తిరునాళ్ళా?”

సాయంత్రం నుంచి ఇంద్రాణి పాలకేంద్రం నుంచి ఐసు గడ్డలు తెచ్చి ఇస్తోంది. తియ్యగా ఉండవు.

మార్చి 9

నొప్పి లేదు.

మార్చి 10

నొప్పి లేదని నిన్న రాసినప్పుడు పడుకుని ఉన్నాను.

మార్చి 12

కృపాకుమారి కొత్త కసరత్తు ఇచ్చింది. కాలు గాలిలో పెట్టి, బొటనవేలితో అక్షరాలు రాయాలి. మొదటి నుంచి చివరిదాకా, రోజుకు మూడుసార్లు.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. ముప్పై దాటాక బొరుగులు కట్టి ఇచ్చిన కాగితాలు చదువుతూ నేర్చుకున్నాను. అందువల్ల నా జ్ఞానం అంతా సగం సగం. ఏ వార్తకూ చివర తెలియదు. ఒక దొంగ బళ్ళారిలో రైలు ఎక్కినంతవరకు నాకు తెలుసు, దిగాడో లేదో ఈ రోజుకూ తెలియదు. ఏమి రాస్తున్నానంటే, అక్షరాలంటే నాకు కష్టపడి సంపాదించిన ఆస్తి. వాటిని ఎడమకాలి బొటనవేలికి నేర్పడం ఇంకో జన్మ ఎత్తినట్టుంది. చేతి రాతకంటే వేలి రాత గుండ్రంగా వస్తోంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

“ఎవరికి రాస్తాండావు?”

“నీకే.”

“చేతులుండంగా ఎప్పుడూ రాయకపోతివి,” అని లోపలికి వెళ్ళింది. వెనక్కి తిరగకముందు నవ్విందని నా అనుమానం.

మధ్యాహ్నం తిప్పన్న వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళు. నా ముందు గురువు. వచ్చి ఎదురుగా కూర్చుని కాలి వంక ఆప్యాయంగా చూశాడు. ముప్పై అయిదేళ్ళు ఎదురుచూసిన మనిషి చూపు అది.

“ఎడమదా?”

“ఎడమదే గురువా.”

“నాదీ ఎడమదే.” కొంచెంసేపు ఆ మాటను చప్పరించాడు. “ఇంద్రాణి నిలబెట్టి ఆడిస్తాంది కల్లం మీద. చూసినావా?”

“చూసినా. పర్వాలేదు.”

“పర్వాలేదా! మొన్న నేను చూస్తాంటే నా చేతికర్ర తాళం ఏసింది, నేను ఏయలా.” లేచి వెళ్ళబోతూ ఆగాడు. “చింతగింజ అంటివి. ఈ యేడు మనూళ్ళో ఒక్క చెట్టన్నా కాసిందేమప్పా?”

మార్చి 13

పాత గింజ అయి ఉంటుంది. పోయినేటిది.

మార్చి 15, ఆదివారం

ఒంటికాలి మీద నిలబడాలి. చెడ్డ కాలి మీదే. మొదట గోడ పట్టుకుని, తర్వాత వదిలి, ఆ తర్వాత కళ్ళు మూసుకుని. కాలికి బలంతోపాటు బుద్ధి కూడా పోతుందట. ఎక్కడ ఉందో అది మరిచిపోతుందట. మళ్ళీ గుర్తు చేయాలట.

ఇంట్లో ఒక్కణ్ణే నిలబడితే విసుగని పాలకేంద్రం దగ్గర అరుగు పట్టుకుని నిలబడ్డాను. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు చూశారు. ఓబులేష్ “ఇదేం కష్టం!” అని కాలెత్తి, తొమ్మిది లెక్క పెట్టేసరికి పాల క్యాను మీద పడ్డాడు. అంతే, పట్టుకుంది. పందేలు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు అందరికంటే బాగా నిలబడ్డారు. ఏడు గంటలకు పాలకేంద్రం ముందు నలభై మంది, నలభై కాళ్ళు.

కళ్యాణదుర్గం బస్సు వచ్చింది. డ్రైవరు ఆపి, ఇంజను కూడా ఆపేసి, తల బయట పెట్టాడు. “ఏమప్పా, వానకు మొక్కుకున్నారా?”

ఎవరో అవునన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు, నేనే.

మార్చి 16

పక్క ఊరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, ఎన్ని దినాలు నిలబడాలి, ఏ కాలి మీద, ఉపవాసం ఉండాలా అని అడిగి వెళ్ళారు. సాయంత్రం ఒక మేఘం వచ్చింది. మమ్మల్ని చూసి పోయింది.

మార్చి 18

రాద్దామా వద్దా అని రెండు పూటలు ఆలోచించాను. ఈ డైరీ ఎవరూ చదవరు కదా.

చింతగింజ లేదు.

గిరక కోపు అని మా ఆటలో ఒక అడుగుల వరుస ఉంది. చివర గాలిలోకి లేచి ఒక చుట్టు తిరిగి దిగాలి. ఆ రోజు పొద్దున కల్లం మీద ఇంద్రాణి లేచింది. ఒకటిన్నర చుట్టు తిరిగి దిగింది. మిగతా పదిహేను మంది ఈలలు వేశారు. నాకు ముప్పై అయిదేళ్ళలో అలాంటి ఈలలు రెండుసార్లు వచ్చాయి, రెండూ కరెంటు పోయినప్పుడు. “అది ఒక చుట్టా!” అనుకుని, వాళ్ళంతా వెళ్ళాక నేను కల్లం గట్టు ఎక్కాను. రెండు చుట్లు తిరుగుదామని లేచాను. ఒకటీ ముప్పావు వచ్చింది. మిగిలిన పావు గిలక తిరిగింది.

మార్చి 19

ఉగాది. పంచాంగం చదివిన అయ్యవారు ఈ ఏడాది నాకు ప్రయాణాలు ఎక్కువ అన్నాడు. మంచం నుంచి స్నానాల గది దాకా నాలుగుసార్లు వెళ్ళాను. 

మార్చి 21

కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసి గజ్జెలు కట్టుకున్నాను. ఒక్క ఎగురు ఎగిరాను. ఎవరూ చూడలేదు. ఎనుము చూసింది. నెమరు ఆపేసింది.

మార్చి 22

కృపాకుమారి కాలు చేతిలోకి తీసుకోగానే, “ఎన్ని ఎగుర్లు?” అంది.

“ఒకటి.”

“నవమికి నువ్వు ఆట ఆడలేవు పెద్దాయనా. నన్ను ఎన్నిసార్లు అడిగినా ఇదే. నడుచు, ఒంటికాలి మీద నిలబడు, మెట్లు ఎక్కు. ఎగరొద్దు, చెడ్డ కాలు నేలకేసి తాటించొద్దు. ఈసారి పూర్తిగా తెగితే మాత్రం నీకు నిజంగానే ఓబులేషే గతి.”

దారిలో ఇంద్రాణి అద్దంలో నా మొహం చూస్తూ బండి నడిపింది. “పెద్దనాయనా, నవమికి నేను నిలబడనా? నువ్వు వద్దంటే నిలబడను.”

“నిలబడు పాపా, నాకేమి,” అన్నాను. ఎంత తేలికగా అన్నానో! గాలి మొహానికి కొడుతుంటే కళ్ళలో నీళ్ళు వస్తాయి, స్కూటీల మీద ఇదొకటి.

మార్చి 23

గిరక కోపు ఇంకా గట్టిపడాలని ఇంద్రాణితో చెప్పాను. కల్లం మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇరవై సార్లు అన్నాను. ఎండ ముప్పై తొమ్మిది. ఇరవై అయింది. నేను ఆగమనలేదు. ముప్పై అయింది. నలభై అయింది. “లెక్క మరిచిపోయినా,” అన్నాను.

మరిచిపోలేదు.

మార్చి 24, మంగళవారం

పొద్దున అయిదున్నరకు ఇంద్రాణి వెనక వాకిలి నుంచి వచ్చింది. కుడికాలు ఈడుస్తోంది. చున్నీ చించి గిలకకు బిగించి కట్టింది. విప్పి చూశాను. బన్ను.

“నిన్న కడాఖరి ఎగురుకు పక్కకు పడింది. రేయంతా తెలీలా. పెద్దనాయనా, ఎవరికీ చెప్పొద్దు. గట్టిగా కట్టుకుని ఆడేస్తా. మూడు దినాలే గదా.”

నేను చేసింది రాస్తాను. మంచిదీ చెడ్డదీ రెండూ.

చేతులు వాటంతట అవే పని చేశాయి. గుడ్డ వదులు చేశాను. కాలు దిండ్ల మీద ఎత్తున పెట్టాను. ఐసు తెప్పించి తడిగుడ్డలో చుట్టి పెట్టాను. వెంకటలక్ష్మమ్మ లేస్తూనే అలవాటుగా ఇటుక పొయ్యిలో పెట్టింది. “తీయే, రక్తం కారతాంటే నిప్పు పెడతావా!” అని కేకవేశాను. మూడు వారాల కిందట పుట్టిన జ్ఞానం, ముప్పై ఏళ్ళ అనుభవంలా వచ్చింది.

ఇదంతా చేస్తున్నంతసేపూ లోపల ఇంకొకటి నడిచింది. నేను ఎగరలేను. ఇంద్రాణి ఎగరలేదు. మూడో మనిషికి అడుగులు రావు. కాబట్టి జట్టు వెళ్ళదు. ఆట లేకపోతే ఆట తప్పినట్టు కాదు. గజ్జెలు నావే. ఈ ముక్క ఎంత చక్కగా అతికిందంటే, నాకు పాట వచ్చింది. ఐసు పెడుతూ కూనిరాగం తీశాను.

ఇంద్రాణి నా వంకే చూసింది.

మార్చి 25

కృపాకుమారి దగ్గరికి ఆటోలో ఇద్దరం. మెట్ల మీద ఇద్దరం కూర్చుని వెనక్కి ఎక్కాం. పైనుంచి ఆమె, “మీ ఊరోళ్ళకు తగ్గింపు ధర పెట్టల్ల,” అంది. ఇంద్రాణిది కొంచెం సాగిందంతే, తెగలేదు. అయినా రెండు వారాలు ఎగరకూడదు.

సాయంత్రం జట్టు కూడింది. ఈసారి పోవద్దని తేల్చారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రాత్రి అన్నం మూడుసార్లు పెట్టించుకున్నాను.

“పెండ్లికొడుకు మాదిరి తింటాండావే,” అంది మా ఆవిడ.

నాలుగోసారి పెట్టించుకోలేదు.

మార్చి 26

పొద్దున ఇంద్రాణిని చూడటానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉంది. కుడికాలు దిండు మీద. కళ్ళు మూసుకుని, చేతుల్లో చెక్కలు మెల్లగా ఆడిస్తూ, ఆట మొత్తం మొదటి నుంచి లోపల ఆడుకుంటోంది. ఎడమకాలు ఒక్కటే నేల మీద అడుగు వేస్తోంది. కుడికాలు వంతు వచ్చినచోట ఖాళీ. ధన్, ఖాళీ. ధన్, ఖాళీ. 

ఆ ఖాళీ విని ఊరుకోగలిగినవాడు గురువు కాలేడు. పక్కన కూర్చున్నాను. నా కుడికాలు పడింది. ధన్, ధన్. ధన్, ధన్. ఆమె కళ్ళు తెరవలేదు. వేగం పెంచింది. నేనూ పెంచాను. 

వంటింట్లో నుంచి వాళ్ళమ్మ కేక: “ఎగరొద్దని డాక్టరమ్మ చెప్పలేదా పాపా! ఆగు, చీపురు తెస్తాండా!”

ఇద్దరం ఆగాం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గోడ అవతలికి ఒక్క మనిషి ఎగిరినట్టు వినబడింది.

“పెద్దనాయనా,” అంది.

“ఆగు. ముందు ఒక మాట చెప్పాల. మొన్న కల్లం మీద... నలభై అయినాయని నాకు తెలుసు.”

“నాకూ తెలుసు. నేను లెక్కపెడతానే ఉంటి.”

“మరి ఆగలేదేం?”

“నువ్వు ఆపుతావేమో అని చూస్తాంటి.”

ఎండ గుమ్మం దాకా వచ్చింది. నేను ఆ ఎండ వంక చూశాను. కొంచెంసేపటికి ఆమే భుజంతో నన్ను తోసింది. “ఇంగ చాల్లే. మంచం ట్రాక్టర్లో పడతాదా?”

కృపాకుమారికి ఫోను చేశాం. కూర్చుని మంచి కాళ్ళు మాత్రం తాటిస్తే ఏమన్నా అవుతుందా అని అడిగాను.  

“చెడ్డ కాళ్ళు కిందికి దిగినాయంటే, ఆడికే వచ్చి ఇద్దరినీ మంచానికి కట్టేస్తా,” అంది.

జట్టుకు కబురు చేశాం. ఇంటికి వచ్చి గజ్జెలు తీశాను. జతను ఎప్పుడూ విడదీయలేదు. తోలు పట్టీల ముడి ఊడదీయడానికి పళ్ళు కూడా వాడవలసి వచ్చింది. ఒకటి ఇంద్రాణి ఎడమకాలికి పంపాను. ఒకటి నా కుడికాలికి.

మార్చి 28, శనివారం

ముందు నిన్నటి బహుమతి సంగతి రాసి పక్కన పెడతాను. మూడో బహుమతి. పోటీకి వచ్చినవి మూడు జట్లు.

ట్రాక్టరు ట్రాలీలో నులక మంచం, మంచం మీద మేమిద్దరం, చుట్టూ పదహారు మంది, ఇంద్రాణి చోట నిలబెట్టిన కొత్త కుర్రాడితో కలిపి. దారిలో ఎదురైనవాళ్ళు మమ్మల్ని ఆసుపత్రికి తీసుకుపోతున్నారనుకున్నారు. అలంకరణ చూసి అనుమానపడ్డారు. కంబదూరులో మంచాన్ని మోసుకుంటూ మైదానం మధ్యకు వెళ్తుంటే మైకు అతను, “పేషంట్లను పక్కకు పట్టుకపోండప్పా, ఆట మొదలవుతాంది!” అని అరిచాడు.

“పేషంట్లే ఆట,” అన్నాడు ఓబులేష్. అతను జట్టులో లేడు. మంచానికి ఒక కోడు పట్టాడు.

మంచం మీద నేను కుడివైపు, ఇంద్రాణి ఎడమవైపు. చెడ్డ కాళ్ళు రెండూ మధ్యలో, ఒకే స్టూలు మీద, ఒకే దిండు మీద. గజ్జె కాళ్ళు రెండూ చెరో అంచున నేల మీద. న్యాయనిర్ణేత ఒక రిటైరైన పంతులుగారు. కళ్ళజోడు సర్దుకున్నాడు.

“నిబంధనల ప్రకారం గురువు ఒక్కరే ఉండాలి. మీలో గురువు ఎవరు?”

ఇద్దరం తడబడ్డాం. జనంలో నుంచి తిప్పన్న చేతికర్ర లేచింది.

“కాళ్ళు లెక్కపెట్టుకో సారూ! గజ్జె కాళ్ళు రెండుండాయి. ఒక గురువుకు సరిపోతాయి!”

మైదానం పగలబడి నవ్వింది. పంతులుగారు నిజంగానే లెక్కపెట్టాడు. రెండు. రాసుకున్నాడు. 

మొదలుపెట్టాం. నేను అడుగు పేరు పిలవడం, పదహారు మంది అడుగు మార్చడం. ఎడమ ఆమెది, కుడి నాది. నులక మంచం సంగతి మేము ఆలోచించలేదు. తాళం పెరిగేకొద్దీ అది మధ్యలోకి కుంగింది. మేమిద్దరం ఒకరి మీద ఒకరం ఒరిగాం. ఆమె భుజం నా చెవిలో, నా మోచేయి ఆమె కొప్పులో. “జరుగు పెద్దనాయనా!” “యాడికి జరగల్ల!” అని అడుగుల మధ్య తిట్టుకుంటూనే ఉన్నాం. నవ్వుతో నాకు ఊపిరి అందడం లేదు. ముందు వరుసలో కృపాకుమారి స్టూలు మీది దిండు మీద నుంచి కళ్ళు తీయలేదు. ఆమె చెప్పు మాత్రం తాళం వేస్తోంది.

అయిదో కోపు తర్వాత నా గొంతు పోయింది. దగ్గు. ఒక అడుగు ఖాళీ పోతుందనగా ఇంద్రాణి పిలిచింది. నాకు తెలియని పిలుపు. నేను మంచం మీద పడుకుని వేలితో అక్షరాలు రాసుకుంటున్న రోజుల్లో వాళ్ళకు నేర్పిందట. పదహారు మంది ఒక్కసారిగా గాలిలోకి లేచారు. ఒకటిన్నర చుట్టు తిరిగి, ఒక్క చప్పుడుతో దిగారు. దుమ్ము మోకాళ్ళ దాకా లేచింది. ఆ చప్పుడు ముప్పై అయిదేళ్ళలో నేను ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ నేనూ గాలిలోనే ఉండేవాణ్ణి కదా.

తర్వాతి అడుగు ఏమిటో నాకు తెలియదు. నా కుడికాలికి తెలిసింది. ఇంద్రాణి ఎడమకాలు పడగానే అది పడింది. నన్ను అడగలేదు. ఆట అయ్యేదాకా నేను ఇంక పిలవలేదు. దగ్గు ఎప్పుడో తగ్గింది.

మంచం దించాక వంగి నా గజ్జె విప్పాను. ఆమె ఒడిలో పెట్టాను. జనం ఇంకా ఈలలు వేస్తున్నారు. ఆమె తన కాలి గజ్జె కూడా విప్పింది.

“నా కాలు నయమయ్యేదాకా యాడ పెట్టల్ల?” అంది.

“నేను దాస్తాలే.”

“నువ్వు దాస్తే కట్టుకుంటావు పెద్దనాయనా,” అని జతను మళ్ళీ ముడివేసింది. ఇంటికి వెళ్తూ దారిలోనే ట్రాక్టరు ఆపించి, పాలకేంద్రం బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

పెద్దవాడి మీద ఆ మాత్రం నమ్మకం లేదా అని నిన్న నాకు చాలా కష్టం కలిగింది. ఈ రోజు పొద్దున పాలు పోసే నెపంతో వెళ్ళి చూశాను. మంచి తాళం. ఊడదు.